పెరటికీ వైద్యం కావాలి

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. కోసిగి వంటి కన్నడ సరిహద్దు వూళ్లలో ఇదే మాటను ‘హిత్తల గిడ మద్దల్ల’ అని కన్నడంలోనూ అంటారు. దగ్గర వున్నదానికి విలువ వుండదని దాని భావం. ఇన్నేళ్లుగా సర్కారు ఆసుపత్రుల్లో పని చేస్తున్న నాకు మాత్రం ఆ సామెత విన్నప్పుడల్లా నవ్వు వస్తుంది. నా దగ్గరికి వచ్చే రోగుల్లో చాలామంది జబ్బు ఎక్కడ పుట్టిందా అని వెతుక్కుంటూ పోతే, చివరకు వాళ్ల పెరట్లోనే తేలుతుంది. తేలు కుట్టిన పిల్లవాడు, పాము కరిచిన ముసలాయన, మెడా ముంజేతులూ దురదతో గోక్కుంటూ వచ్చిన ఇల్లాలు, డెంగీ జ్వరంతో మంచం పట్టిన కుర్రవాడు — వీళ్లంతా పెరటి రోగులే. మరొక వంక, రక్తం తక్కువై పాలిపోయిన ఇల్లాలికి మాత్రలతోపాటు తినమని నేను చెప్పే మునగాకు, కరివేపాకు, నిమ్మకాయ కూడా అదే పెరట్లో, కలుపు చాటున, ఎవరికీ కనపడకుండా వుంటాయి.

అందుకే ఈ వారం పాఠకులతో మందుల గురించి కాకుండా, అడవిలా పెరిగిపోయిన పెరటి గురించి మాట్లాడదలచుకున్నాను. దాన్ని మొత్తం తుడిచిపెట్టకుండా, వున్నదాన్ని వున్నట్టే నిలబెట్టుకుంటూ, ఆరోగ్యకరంగా ఎలా మార్చుకోవచ్చో చెబుతాను.

కోసిగి కర్నూలు జిల్లా పడమటి కొసన, గుంతకల్లు – రాయచూరు రైలు మార్గం మీద వున్న మండల కేంద్రం. చుట్టూ రాతిగుట్టలు, వానను నమ్ముకున్న పొలాలు. పొలం పనులు అయిపోగానే ఇక్కడి కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి పోతాయి. సుగ్గి అంటే బయటి జిల్లాల పాఠకులకు తెలియకపోవచ్చు. కూలి కోసం నెలల తరబడి వలస పోవడం అన్నమాట. గుంటూరు వైపు మిరపకాయ కోతకూ, తెలంగాణ వైపు పత్తి తీతకూ పోతారు. కొందరు ముసలివాళ్లను ఇంటి దగ్గర వదిలి పోతారు, కొందరు తాళమే వేసి పోతారు. ఉగాది దగ్గర పడ్డాక తిరిగి వస్తారు. ఇంటి ముందు వూడ్చి, కడిగి, ముగ్గు వేస్తే ఒక్క పూటలో కళ వస్తుంది. ఇంటి వెనక మాత్రం నడుము ఎత్తు ఎండిన వయ్యారిభామ, గోడ వెంట ముళ్లకంప, కూలిన రాళ్ల కుప్ప, వాటి కింద ఏముందో దేవుడికే తెలియాలి!

అలా తిరిగి వచ్చిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. పేర్లు అనవసరం. వచ్చిన మూడోనాడు సాయంత్రం, వాళ్ల ఆరేళ్ల పిల్లవాడు బంతి కోసం పెరట్లోకి పోయి రాయి కదిపాడు. ఎర్రతేలు కుట్టింది. ఆసుపత్రికి తెచ్చేసరికి చేతులూ కాళ్లూ చల్లబడి, ఒళ్లంతా చెమట పట్టి, వాంతులు చేసుకుంటున్నాడు. ఇవి మామూలు నొప్పి లక్షణాలు కావు. ఎర్రతేలు విషం పిల్లల గుండె మీద దెబ్బ తీస్తుంది, వూపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. వెనకటి రోజుల్లో ఇలాంటి పిల్లలు చాలామంది పోయేవారు. 1980లలో మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న పట్టణంలో ప్రాక్టీసు చేస్తూ వచ్చిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బవాస్కర్, రక్తపోటుకు వాడే ప్రజోసిన్ అనే చవకైన మాత్ర ఈ విషానికి బాగా పని చేస్తుందని చూపించారు. ఆయనకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. మా పిల్లవాడు కూడా ఆ మాత్రతోనే, రెండు రోజుల కాపలాతో, గట్టెక్కాడు.

ఇంటికి పంపేటప్పుడు తండ్రి నాతో అన్నాడు: ‘‘సార్, రేపే జేసీబీ పిలిపిచ్చి ఎనకంతా నున్నగా గీకిచ్చేస్తా. ఒక్క పుల్ల కూడా ఉండకూడదు.’’

పక్కన కూచున్న అతని తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ‘‘ఆ మునగచెట్టు మీ మామ నాటింది సామీ. యాపచెట్టు నీడన్నే ఎండాకాలం గడుపుతాండాం. అన్నీ పీకేస్తే యాడ కూచునేది?’’ అంది.

కొడుకు కోపం న్యాయమైనదే. కాని ఆ అవ్వ మాటలో వైద్యం వుంది. ‘‘అవ్వా, ఆదివారం నేనే వచ్చి చూస్తాను. అంతవరకు ఏదీ పీకించవద్దు’’ అని చెప్పి పంపాను.

మొత్తం గీకించడం ఎందుకు తప్పు?

కాలి వేలికి పుండు పడితే ముందు పుండు కడుగుతాం, చచ్చిన కండ తీస్తాం, కట్టు కడతాం. వెంటనే కాలు తీసేయం. పెరటి విషయంలోనూ అంతే. మొత్తం గీకిస్తే ఏమవుతుందో చూడండి.

మొదటిది, కుప్పల కింద వున్న తేళ్లూ పాములూ యంత్రం చప్పుడుకు ఆవిరైపోవు. దగ్గరలో చీకటిగా, చల్లగా ఎక్కడ వుంటే అక్కడికి పోతాయి. చాలాసార్లు అది మీ ఇల్లే.

రెండోది, వయ్యారిభామ విత్తనాలు నేలలో ఏళ్ల తరబడి బతికి వుంటాయి. నేల తిరగబడి, ఖాళీగా, ఎండ తగిలేట్టు వుంటే అందరికంటే ముందు మొలిచేది అదే. ఒక్క మొక్క వేల కొద్దీ విత్తనాలు వేస్తుంది. అందుచేత వైశాఖంలో అద్దంలా గీకించిన పెరడు ఆషాఢానికి వయ్యారిభామ తోట అవుతుంది.

మూడోది నీడ. మన వైపు వేసవిలో నలభై డిగ్రీలు దాటడం మామూలు. ఇరవై ఏళ్లుగా వేళ్లు దింపి, నీటి చెమ్మ ఎక్కడుందో కనిపెట్టుకున్న వేపచెట్టుకు, నిన్న నాటిన మొక్క సాటి రాదు. వడదెబ్బ తగిలే ముసలివాళ్లున్న ఇంట్లో ఆ నీడ కూడా ఒక మందే.

కాబట్టి పెరటి వైద్యంలో మొదటి సూత్రం: వేళ్లూని బతికి వున్న మంచి చెట్టు ఏదీ పోకూడదు. రెండో సూత్రం: అంతా ఒక్క రోజులో చేయకూడదు. వేసవి పనులు వేసవికి, తొలకరి పనులు తొలకరికి వదలండి.

ముందు పరీక్ష, తర్వాతే కత్తి

ఆదివారం వాళ్ల పెరట్లో మేము చేసిన మొదటి పని చూడడం మాత్రమే. కాళ్లకు బూట్లు, చేతిలో పొడుగు కర్ర, పట్టపగలు వెలుతురు. అవ్వ పాత చీర చింపి పేలికలు ఇచ్చింది. వుంచవలసిన ప్రతి చెట్టుకూ ఒక పేలిక కట్టాము. కంప చాటున వెతకగా వెతకగా వేప, మునగ, కరివేప, కాపు మానేసిన నిమ్మ, గోరింట, గోడ వార సీతాఫలం బయటపడ్డాయి. తండ్రి ఆశ్చర్యపోయాడు. పెరట్లో ఇన్ని చెట్లున్నాయని ఆయనే మరిచిపోయాడు.

పిల్లలున్న ఇంట్లో ఇంకొక లెక్క కూడా చూడాలి. అడవి ఆముదం, ఉమ్మెత్త, పచ్చ గన్నేరు. వీటి గింజలు విషం. అడవి ఆముదం గింజలు వేరుశనగ గింజల్లా రుచిగా వున్నాయని పిల్లలు పంచుకుని తిని, వాంతులతో గుంపుగా ఆసుపత్రికి రావడం వైద్యులందరికీ తెలిసిన సంగతే. పిల్లలు తిరిగే చోట ఇవి వుండకూడదు.

వేసవిలో చేయవలసినవి

పెరటి తలుపు నుంచి మరుగుదొడ్డికీ, నీళ్ల తొట్టికీ పోయే దారిని ముందు బాగు చేయండి. రెండు వైపులా మూడేసి అడుగులు నున్నగా వుండాలి. అక్కడ దీపం వుండాలి. రాత్రి టార్చి లేకుండా కాలు బయట పెట్టవద్దు. ఇంటి గోడ చుట్టూ కూడా మూడడుగుల మేర ఏదీ పేర్చకూడదు.

తర్వాత కుప్పలు. రాళ్లు, పాత బండలు, వంటచెరకు, పిడకలు. వీటిని పారేయనక్కరలేదు. గోడకు దూరంగా, నాలుగు రాళ్ల మీద అడుగు ఎత్తున పేర్చుకుంటే చాలు, కింద వెలుతురు ఆడుతుంది. కుప్పను పైనుంచి ఒక్కొక్కటిగా, కర్రతో కదిపి తీయాలి. వేళ్లు కిందికి పెట్టి ఎత్తకూడదు. మట్టి మిద్దె గోడల్లో, రాతి గోడల్లో సందులుంటే మట్టితో మెత్తండి. తేళ్లు వున్నాయో లేదో చూడడానికి ఒక చిట్కా చెబుతాను. నోట్లు పరీక్షించే అతినీలలోహిత కాంతి టార్చి బజారులో దొరుకుతుంది. రాత్రి దాన్ని వేసి చూస్తే తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. మన జిల్లాలోనే కోడుమూరు కొండ మీద శ్రావణమాసంలో తేళ్లను పట్టి దేవుడికి సమర్పించే ఆచారం వుంది. భక్తి మంచిదే గాని, పిల్లల చేత మాత్రం రాళ్లు ఎత్తించవద్దు.

ఇక ముళ్లకంప. సర్కారు తుమ్మ అంటాం, కన్నడంలో బళ్ళారి జాలి అంటారు. ఇది మన సీమకు కొత్తది కాదు. మద్రాసు రాజధానిలో అటవీ అధికారిగా వున్న బెడ్డోమ్ దొర కోరిక మీద విత్తనాలు తెప్పించి, 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు కోసమని తెచ్చింది, చివరకు పెరళ్లన్నీ ఆక్రమించింది. దాన్ని నేల మట్టానికి నరికితే ఒక కాండానికి బదులు పది చిగుళ్లు వస్తాయి. నేలలోకి జానెడు లోతు తవ్వి, వేరు మొదలు దిగువన నరకాలి, అప్పుడే చస్తుంది. మేకలు దాని కాయలు తింటాయి గాని గింజలు అరగవు, పెంటికలతో అలాగే బయటికి వస్తాయి. కనుక మేకల ఎరువును గుంటలో బాగా మాగబెట్టకుండా పెరట్లో చల్లకండి.

ఈ ముల్లు గుచ్చుకుంటే తేలికగా తీసుకోవద్దు. ముక్క లోపలే విరిగి, నెలల తర్వాత కీలు వాచిన రోగులను చూశాను. ముల్లు తీసి, సబ్బు నీళ్లతో కడిగి, ధనుర్వాతం రాకుండా టీడీ ఇంజెక్షను వేయించుకున్నారో లేదో చూసుకోండి. వెనకటి టీటీ బదులు ఇప్పుడు ఇస్తున్నది అదే.

కలుపు మందు కొట్టి ఒక్క దెబ్బతో చంపుదామని కొందరంటారు. పెరట్లో ఆ మాటే వద్దు. పారాక్వాట్ అనే కలుపు మందు ఒక్క గుక్క లోపలికి పోతే విరుగుడు లేదు. శీతల పానీయం సీసాలో పోసి గూట్లో పెట్టిన మందును పిల్లలు నీళ్లనుకుని తాగడం కంటే ఘోరం ఏముంటుంది? అలాగే ఎండిన కలుపును, ప్లాస్టిక్కును ఇంటి దగ్గర తగలబెట్టకండి. ఆ పొగ వుబ్బసం రోగికి శత్రువు.

తొలకరిలో చేయవలసినవి

వాన పడి నేల మెత్తబడగానే వయ్యారిభామ పని పట్టండి. 1950లలో పూణె ప్రాంతంలో మొదట కనిపించి దేశమంతా పాకిన మొక్క ఇది. పూత రాకముందే వేళ్లతో సహా పీకాలి. పొడుగు చేతుల చొక్కా, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. కొందరికి ఇది తగిలితే కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి దురద పెడతాయి. ఎండలోకి పోతే ఎక్కువవుతుంది. పుప్పొడి వల్ల తుమ్ములు, ఆయాసం వస్తాయి. అటువంటివారు ఈ పనికి పోనేకూడదు. పూత రాకముందు పీకినదాన్ని గుంటలో వేసి మాగబెడితే మంచి ఎరువు అవుతుంది. రాళ్ల సందుల్లో, దారి పక్కన పీకడానికి రానిదాని మీద లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి ఎండవేళ చల్లవచ్చు. చెట్ల పాదుల దగ్గర మాత్రం ఉప్పు నీళ్లు వద్దు, నేల పాడవుతుంది.

మంచి చెట్ల కత్తిరింపు కూడా అప్పుడే. నడి వేసవిలో పచ్చి కొమ్మలు కొడితే ఎండకు బెరడు మాడుతుంది. ఎండు కొమ్మలను ఎప్పుడైనా తీయవచ్చు. వేపకు మనిషి ఎత్తు వరకు కింది కొమ్మలు తీస్తే గాలీ వెలుతురూ ఆడతాయి, నీడ పోదు. నిమ్మకూ సీతాఫలానికీ ఎండినవి, రోగం పట్టినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీస్తే చాలు. ఒక్కసారిగా మూడో వంతు కంటే ఎక్కువ తీయకూడదు. మునగ ఒక్కటే వీటికి భిన్నం. కాపు అయిపోయాక నేల నుంచి మూడడుగుల ఎత్తున కొట్టేసినా మళ్లీ చిగుర్లు వేస్తుంది, ఆకు చేతికి అందుతుంది. ఒక్క హెచ్చరిక: మాటలతో ఎవరు ఎక్కించినా సరే, మునగచెట్టు ఎక్కకండి. దాని కొమ్మ పుటుక్కున విరుగుతుంది. నడుము విరిగినవాళ్లను నేను చూశాను.

ఖాళీ అయిన చోటును ఖాళీగా వదలకండి, ఖాళీ నేల వయ్యారిభామకు ఆహ్వానం. విత్తనం పట్టని ఎండు ఆకు పరచండి. ఇంటికి కాస్త దూరంగా తగిరిస మొలిస్తే వుండనివ్వండి, అది వయ్యారిభామను ఎదగనివ్వదు. ఇంటి దగ్గర తోటకూర, గోంగూర చల్లుకోండి. నీళ్లెక్కడివి అంటారా? అయిదుగురున్న ఇంట్లో మనిషికి ఒక బిందె చొప్పున స్నానం చేసినా రోజుకు అయిదు బిందెల నీళ్లు మురుగుకే పోతున్నాయి. చిన్న కాలవ తీసి, కంకర గుంట గుండా నిమ్మకూ, మునగకూ, రెండు అరటి పిలకలకూ మళ్లించండి. ఒకచోట నిలవకూడదు. ఆకుకూరల మీద మాత్రం ఆ నీళ్లు పోయవద్దు.

దోమల సంగతి మరవకండి. నీళ్లు దినం విడిచి దినం వచ్చే వూళ్లలో తొట్లు, డ్రమ్ములు తప్పవు. డెంగీ దోమ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే వారానికి ఒకసారి నీళ్లు పారబోస్తే సరిపోదు, లోపలి గోడలు పీచుతో రుద్ది కడగాలి. శుక్రవారం డ్రై డే అనేది అందుకే. పాత టైర్లు, పగిలిన కుండలు, కొబ్బరి చిప్పలు వుంచవద్దు.

ప్రమాదం జరిగితే

పాము కరిస్తే కోయవద్దు, పీల్చవద్దు, తాడు బిగించి కట్టవద్దు, మంత్రగాడి కోసం వెతకవద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఆసరా కట్టి, 108కి ఫోను చేసి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకురండి. పామును పట్టి తేనక్కరలేదు. మన దేశంలో ఇచ్చే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ పని చేస్తుంది, ఉచితంగా ఇస్తారు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా వుండదు. తెల్లారి కనురెప్పలు వాలిపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే అనుమానించాలి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోండి. దోమకూ పాముకూ అదే అడ్డు.

పొదల్లో పని చేసిన వారం పది రోజులకు విడవని జ్వరం వస్తే, ఒంటి మీద ఎక్కడైనా చుట్ట కాల్చి పెట్టినట్టు నల్లటి మచ్చ వుందేమో వెతకండి. అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. పొదల్లోని సన్నటి నల్లి పురుగు కుట్టడం వల్ల వస్తుంది. త్వరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోతుంది. ‘పొదల్లో పని చేశాను’ అని వైద్యుడికి చెప్పండి. ఆ ఒక్క మాట రోగ నిర్ణయానికి సగం పని చేస్తుంది.

పెరటి మందు

ఆ కుటుంబంలో కోడలికి రక్తం బాగా తక్కువగా వుంది. 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 59 మందికి రక్తహీనత వుంది. ఆమె ఒక్కతే కాదన్నమాట. ఐరన్ మాత్రలు ఇచ్చి, రోజూ మునగాకు పప్పులోనో, పొడి చేసో తినమన్నాను. మునగాకులో పాల కంటే రెండింతలకు పైగా కాల్షియం, కంటికి కావలసిన విటమిన్ ఎ పుష్కలంగా వున్నాయి. ఇనుము కూడా కొంత వుంది. అయితే ఆకు తింటే చాలు, మాత్ర అక్కరలేదనుకోవడం పొరపాటు. ఆకులోని ఇనుము వంటికి పట్టాలంటే నిమ్మరసం తోడు కావాలి. భోజనంతో టీ తాగితే ఆ పట్టేది కూడా పట్టదు.

అయిదు నెలల తర్వాత ఆమె రక్తంలో హిమోగ్లోబిన్ 7.8 నుంచి 10.6కు వచ్చింది. అందులో మాత్రల పాలు ఎక్కువే, ఆకు పాలు కొంత. అయినా ఆ ఆకు కోసం ఆమె పైసా ఖర్చు పెట్టలేదు, ఎక్కడికీ పోలేదు. ఆ ఏడు మళ్లీ సుగ్గికి పోయేటప్పుడు అవ్వ పోలేదు, పిల్లవాడితో ఇంటి దగ్గరే వుండిపోయింది. రోజూ కాస్త కాస్త పెరటి పని చేసుకుంటే, తిరిగి వచ్చాక అంతా ఒక్కసారి చేయవలసిన అవసరం రాదని ఆమె లెక్క.

మీ పెరడు కూడా అడవిగా మారి వుంటే గొడ్డలి పట్టే ముందు ఒక పాత చీర చింపి పేలికలు సిద్ధం చేసుకోండి. వుంచవలసినవాటిని గుర్తుపెట్టుకున్న తర్వాతే తీయవలసినవాటి జోలికి పోండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. రోజుకు గంట చొప్పున, పొద్దున చల్లటి వేళ పని చేయండి. మధ్యమధ్య మజ్జిగ తాగండి. ఈ ఉగాదికి మొదలుపెడితే దసరా నాటికి మీ పెరడు మీకు తిరిగి దక్కుతుంది.